మా అన్న ఎక్కని విమానం

రిటైరైన వాళ్లను పట్టుకుని ఏదన్నా రాయమని అడగడం మన పైలట్ల సంఘం పత్రికలో ఈ మధ్య మొదలైంది. నాకు ఫోన్ చేసిన పిల్లోడు వివరంగానే చెప్పినాడు. తుఫానులో దించిన కథో, ఇంజిను ఆగిపోయిన కథో అయితే బాగుంటుంది సార్ అని. ఏం చేసేది నాయనా, నా సర్వీసులో ఇంజిను ఒక్కసారి కూడా ఆగలేదు. దాని ధర్మాన అది తిరిగింది, నా ధర్మాన నేను కూర్చున్నాను. అందుకని అసలు పైకి లేవని ఒక విమానం గురించి రాస్తున్నా. నచ్చకపోతే వేయొద్దు, నేనేమీ అనుకోను.

నేను ఉద్యోగమంతా చిన్న ఊర్ల మధ్య తిరిగే, రెక్కలకు పంకాలుండే విమానాలే తోలినాను. పెద్ద జెట్లు తోలేవాళ్లు మమ్మల్ని 'పంకావాళ్లు' అనేవాళ్లు, ప్రేమగానే. మాది కోడుమూరు దగ్గర పల్లె. వాన పడితే పంట, పడకపోతే కర్నూలుకు కూలి. మా ఊర్లో నాకంటే ముందు చక్రం పట్టినవాడు మా అన్న. ఆయన ఆర్టీసీ డ్రైవరు, కర్నూలు డిపో. నన్ను ఫ్లయింగ్ స్కూల్లో చేర్చేదానికి నాయన చేను అమ్మితే అన్న నోరెత్తలేదు. ఆ చేన్లో సగం ఆయనది.

డ్రైవర్ల యూనియన్‌కు అన్న శానా ఏండ్లు సెక్రటరీగా ఉండినాడు. బస్సుల సమ్మె జరిగితే ఆయన డిపో గేటు ముందర పడుకునేవాడు. మా ఊరోళ్లు సద్ది కట్టుకుని పోయి అందరికీ పెట్టి వచ్చేవాళ్లు. డ్రైవరు కష్టం వాళ్లకు తెలుసు. రోజూ ఎక్కుతారు, రోజూ చూస్తారు. నా కష్టం చూసినవాడు లేడు. తెల్లచొక్కా, భుజం మీద పట్టీలు, అంతే కనపడతాయి. ఒకసారి మాటల్లో మాకూ సంఘం ఉందని చెప్పినా. అన్న శానాసేపు నవ్వినాడు.

"టై కట్టుకున్నోనికి యూనియనేందిరా? మీరు ఆఫీసర్లు. ఏసీలో కూసుని గుండీలు ఒత్తేదానికి సంఘమా?"

నేనూ ఊరుకోలేదు. తెల్లారకముందే లేచేది, ఒకే రోజులో ఎక్కి దిగి, ఎక్కి దిగి, మళ్ల ఎక్కేది, ఎండలో మిద్దె మీద పెట్టిన ఇనప పెట్టె మాదిరి కాలే కాక్‌పిట్‌లో కూర్చునేది, అన్నీ ఏకరువు పెట్టినా. ఆయన అన్నిటికీ ఒకటే జవాబు. "నేను రాత్రంతా తిరుపతికి తోలి, పొద్దున దిగి, మొగం కడుక్కుని మళ్ల కర్నూలుకు తోలినా. నువ్వు నాకు చెప్పొద్దు." ఈ పోటీలో నేను ఎప్పుడూ గెలవలేదు. పోటీ అని పెడితే ఆయనతో ఎవరూ గెలవరు.

అయితే ఆయనకు ఒక పట్టు ఉండేది. విమానం ఎక్కితే తమ్ముడు తోలేదాంట్లోనే ఎక్కాల. ఓర్వకల్లులో విమానాశ్రయం వచ్చినా ఎక్కలేదు, మా కంపెనీ ఆడికి తోలేది కాదు కాబట్టి. ఆయనకు కుదిరిన రోజు నా రోస్టర్ ఇంకో దిక్కుకు ఉండేది. నాకు కుదిరితే ఆయనకు మోకాలి నొప్పి. అట్లా అట్లా ఏండ్లు పోయినాయి. చివరికి నా రిటైర్మెంటు దగ్గరికొచ్చిన ఎండాకాలంలో కడప నుంచి హైదరాబాదు పోయే ఒక మధ్యాహ్నం విమానానికి ఆయనకు టికెట్ తీసినాను. ఇంకో అవకాశం ఉండదని ఇద్దరికీ తెలుసు.

"కర్నూల్లో విమానం పెట్టుకుని కడపకు పోతాండావేమప్పా" అని వీధిలో అందరూ ఆయన్ను ఆటపట్టించినారంట. "మావోడు తోలేది ఆడ" అన్నాడంట. హైదరాబాదులో ఆయనకు ఏం పని లేదు. దిగి, అదే సాయంత్రం బస్సెక్కి కర్నూలుకు తిరిగి రావాలని ఆయన ప్లాను.

ఇప్పుడు రొంత మన పని సంగతి చెప్పాల. మీకు తెలిసిందే అయినా, మీ ఇండ్లలో వాళ్లు కూడా చదువుతారు కదా. పైలట్ ఒక రోజులో ఇన్ని గంటలకు మించి పని చేయకూడదని నియమం. అనుకోకుండా ఆలస్యమైతే, కెప్టెన్ తన ఇష్టంతో రొంత సేపు పొడిగించుకోవచ్చు. ఆయన ఇష్టం అని నియమంలోనే ఉంది. కానీ అనుకోని రోజుకని పెట్టింది మా కంపెనీలో రోజువారీ అయిపోయింది. పొడిగిస్తేనే నడిచేటట్లు రోస్టర్లు వేసేవాళ్లు. సాయంత్రమైతే ఫోన్. "సార్, ఒక్క గంట ఇవ్వండి సార్." ఇయ్యకపోతే మరుసటి నెల రోస్టర్లో తేడా తెలిసేది.

అందుకని సంఘం హైదరాబాదులో ఒక హోటలు హాల్లో కూర్చుని తీర్మానం చేసింది. ఇకమీదట ఏ కెప్టెనూ పొడిగింపు ఇవ్వడు. నేనూ చెయ్యెత్తినా. ఎత్తడమే కాదు, లేచి మాట్లాడినా కూడా. ఒక్కడు వంగినా, వాడిస్తున్నాడు నీకేమని మిగతావాళ్లను అడుగుతారు, కాబట్టి ఎవ్వరూ వంగకూడదు అన్నా. చప్పట్లు కొట్టినారు. పంకావాడికి అంత మంది చప్పట్లు కొట్టడం అదే మొదలు. మా అధ్యక్షుడు పెద్ద జెట్ తోలేవాడు, చివర్లో జాగ్రత్తలు చెప్పినాడు. సమ్మె అనే మాట ఎవరి నోట్లో నుంచీ రాకూడదు, ఇంట్లో కూడా అనొద్దు. మనం చేసేది నియమం పాటించడం, అంతే. ప్రయాణికులతో వాదనకు పోవద్దు, వాళ్లకు కంపెనీ చెప్పుకుంటుంది.

తీర్మానం అయిన కొన్నాళ్లకే ఆ రోజు వచ్చింది.

పొద్దున్నుంచే చెడింది. హైదరాబాదులో ఏదో బల్బు వెలగక రిపేరు, ఆ తర్వాత ఇంకో ఊర్లో దుమ్ము గాలి. ఒక్కొక్క చోట రొంత రొంత పోయి, కడపలో దిగేసరికి మా టైము అడుగంటింది. లెక్క చూసుకుంటే హైదరాబాదు చేరేదానికి చాలదు. నా పక్కన కూర్చున్న కోపైలట్ చిన్న పిల్ల, ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. ఆ అమ్మాయి కూడా లెక్క చూసి నా వైపు తిరిగింది.

"సార్, ఇస్తారా?"

"ఇవ్వను."

"మీ అన్నగారు వచ్చింటారు కదా సార్."

పొద్దున్నుంచీ ఆ అమ్మాయికి నేను చెప్పిన మాట అదొక్కటే. "వచ్చింటాడు" అన్నా.

ఇక్కడ ఒక నిజం చెప్పాల. నేను అలిసిపోయినాను, ఆ అమ్మాయి కండ్లూ ఎర్రగానే ఉన్నాయి. కానీ అంతకంటే అలిసిపోయి నడిపిన రోజులు నాకు శానా ఉన్నాయి. ఆ గంట నేను తోలగలిగేవాణ్ని. అన్నను తీసుకుపోయి దించి, రెక్క కింద నిలబెట్టి ఫోటో తీయగలిగేవాణ్ని. సంఘం ముందర లేచి మాట్లాడినవాణ్ని కాబట్టి, ఆ మాట మా అన్న కోసమే మొదటిసారి తప్పకూడదు కాబట్టి, కుదరదనుకున్నా.

విమానాశ్రయం హాల్లో అద్దాల గోడ వెనక నుంచి మా విమానం దిగేది అన్న చూసినాడు. మొదటి బస్సుకే కడప చేరి, కొత్త తెల్లచొక్కా వేసుకుని, పొద్దున్నుంచి ఆ హాల్లో కూర్చున్నాడు. నేను లోపలికి అడుగు పెట్టేసరికి, దాన్ని తోలేది తన తమ్ముడని హాల్లో ప్రతి ఒక్కరికీ చెప్పేసినాడు. అందరూ నా వైపు తిరిగి చూసినారు. కొందరు నవ్వు మొగంతో చెయ్యెత్తినారు కూడా. ఆ నవ్వులు ఎంతోసేపు నిలవలేదు.

మా కంపెనీ కడపలో సిబ్బందికి వేరే గది తీసుకోలేదు. కాబట్టి నడపనన్న పైలట్టూ, ఆయన తీసుకుపోనన్న ప్రయాణికులూ ఒకే హాల్లో ఎదురెదురు కుర్చీల్లో కూర్చోవాల. మీలో ఎవరికైనా ఈ అనుభవం ఉందో లేదో. పెద్ద ఊర్లలో అయితే ఏదో ఒక తలుపు ఉంటుంది, దాని వెనక్కి పోవచ్చు. నాకు కుర్చీ తప్ప ఏమీ లేదు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా.

స్టేషన్ మేనేజరు మైకులో ఆలస్యానికి చింతిస్తున్నాం అన్నాడు. ఎందుకని అడిగితే, సిబ్బంది సమస్య అని నా వైపు చెయ్యి చూపినాడు. మొదట లేచింది ప్రొద్దుటూరు బంగారు వ్యాపారి.

"ఏమప్పా కెప్టెనూ, లక్షలకు లక్షలు జీతం తీసుకుంటాండారు. గంట ఎక్కువ పని చేస్తే ఏం అరిగిపోతారు? మా కొట్లో పిల్లోడు పొద్దున వస్తే అంగడి మూసేదాకా నిలబడే ఉంటాడు."

అరిగిపోతాండాడో లేదో ఆ పిల్లోణ్ని అడిగి చూడు అనాలని నోటిదాకా వచ్చింది. సంఘం మాట్లాడొద్దంది కాబట్టి మాట్లాడలేదు. ఇంకొకరు ఫోనెత్తి వీడియో తీయడం మొదలుపెట్టినారు. వీళ్లకు గర్వం అన్నారు. కడప ప్రయాణికులంటే లోకువ, ఇదే ఢిల్లీలో అయితే చేస్తారా అన్నారు. చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె మాత్రం దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "ఒంట్లో బాగలేదా సార్?" బాగలేదమ్మా అంటే సరిపోయేది, హాలంతా మెత్తబడేది. "బాగానే ఉందమ్మా" అన్నా. ఆమె మొగం కూడా మారిపోయింది.

అప్పుడు వచ్చినాడు అన్న. నా పక్క కుర్చీలో కూర్చోలేదు, ముందర నిలబడినాడు.

"ఏమ్రా, బండి చెడిందా?"

"లేదన్నా."

"మళ్ల?"

"నా డ్యూటీ టైము అయిపోయింది."

"అయిపోతే ఇంకొక డ్రైవరు రాడా?"

"హైదరాబాదు నుంచి రోడ్డు మీద రావాల. వచ్చేసరికి రాత్రవుతాది, రాత్రిపూట ఈడ విమానాలు లేవవు. అంటే ఇంక రేపు పొద్దునే."

"ఈడి నుంచి ఎంతసేపు పయనం?"

"గంట."

అన్న నా మొగం చూసినాడు. "గంటే కదరా" అన్నాడు, నాకు తెలియదేమో అన్నట్లు.

స్టేషన్ మేనేజరు పక్కనే నిలబడి వింటున్నాడు. సమ్మె అని ఒక్క మాట అనుంటే మా అన్నకు అంతా అర్థమయ్యేది. ప్రపంచంలో ఆయనకు బాగా తెలిసిన మాట అది. ఆ మాట అనకూడదు. "నియమం అన్నా" అన్నా. ఆయన "సరే, నీ పని నువ్వు చూసుకో" అని పోయినాడు. చిన్నప్పుడు నేను పరీక్ష తప్పి ఇంటికొస్తే కూడా ఇదే గొంతుతో మాట్లాడేవాడు.

ఇంతలో హైదరాబాదు ఆఫీసు నుంచి ఫోనొచ్చిందని మేనేజరు నన్ను తన గదికి పిలిచినాడు. ఫోన్లో ఒకరి తర్వాత ఒకరు మారినారు. మొదటాయన బతిమాలినాడు, రెండో ఆయన విసుక్కున్నాడు, మూడో ఆయన మర్యాదగా బెదిరించినాడు. ఆ మూడో ఆయనకు అన్న సంగతి కూడా చేరింది. "మీ సొంత అన్నగారే వెయిట్ చేస్తున్నారంట కదా కెప్టెన్. ఆయన మొగం చూసైనా ఇవ్వొచ్చు కదా" అన్నాడు. ఇష్టం అని రాసుంది, నాకు ఇష్టం లేదు అని చెప్పినా. వాళ్లు వినలేదు, మళ్ల మొదటినుంచి మొదలుపెట్టినారు. ఎంత సేపు పట్టిందో తెలియదు, చెవి మాత్రం కాలిపోయింది.

బయటికొస్తే హాలు ఖాళీ.

నిజంగానే ఖాళీ. కుర్చీలు, నీళ్ల బాటిళ్లు, ఒక మూల మా కోపైలట్, క్యాబిన్ సిబ్బంది ఇద్దరు. "అందరూ యాడికి పోయినారు?" అంటే, ఆ అమ్మాయి గేటు వైపు చూపించింది. ఒక ఆర్టీసీ బస్సు రోడ్డెక్కుతోంది. ఫుట్‌బోర్డు మీద తెల్లచొక్కా.

జరిగింది తర్వాత వీడియోలో చూసినా, అందరితోపాటే. నేను గదిలో ఉన్నప్పుడు బయట నన్ను తిట్టడం ఎక్కువైంది. అన్న కుర్చీల మధ్యకు పోయి నిలబడినాడు. "నా తమ్మున్ని తిట్టేది ఆపండప్పా. వానికి ఏం నియమముండాదో నాకు తెలీదు. పాసింజరును దారిలో వదిలేది మా ఇంటా వంటా లేదు. మిమ్మల్ని హైదరాబాదు చేర్చే పూచీ నాది." అని, కడప డిపోలో తనతో పనిచేసినవాడికి ఫోన్ చేసినాడు. స్పెషల్ బస్సు ఒకటి పెట్టించినాడు. బస్సు చెడితే ఆఖరి పాసింజరును ఇంకో బండి ఎక్కించేదాకా డ్రైవరు కదలకూడదని డిపోలో నేర్పే మొదటి పాఠం. మా అన్న నా విమానాన్ని చెడిన బస్సుగా లెక్కేసుకుని, నా బదులు ఆ పాఠం పాటించినాడు. "కర్నూలు, హైదరాబాద్, రండప్పా రండి" అని కేకేసి ఎక్కించినాడు. ఆ వ్యాపారి కూడా ఎక్కినాడు. అన్న ముందర, డ్రైవరు పక్కన కూర్చుని, మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా, ఉద్యోగమంతా తోలిన రోడ్డు మీదనే పోయి, కర్నూల్లో దిగిపోయినాడు.

"ఆయనేనా సార్ మీ అన్నగారు?" అని అడిగింది మా కోపైలట్.

"ఆయనే."

"మంచాయన సార్."

"అవును" అన్నా. ఇద్దరం చెరో దిక్కు చూస్తా కూర్చున్నాం. గాజు అవతల మా విమానం ఎండలో ఒక్కటే నిలబడి ఉంది. ఎక్కేవాళ్లు లేరు కాబట్టి కొత్త క్రూ ఆ రాత్రికి రావడం కూడా మానుకున్నారు.

మరుసటి పొద్దుకే వీడియో ఊరూరా తిరిగింది. ఆకాశంలో తోలేవాడు వదిలేసినాడు, నేల మీద తోలేవాడు చేర్చినాడు అని దానికి పేరు పెట్టినారు. తమ్ముడి అహంకారం, అన్న సంస్కారం అని ఒక చానల్లో అర్ధగంట కార్యక్రమం. పైలట్లు సహాయ నిరాకరణ చేస్తున్నారని, అయినా ప్రయాణికులకు ఏ ఇబ్బందీ కలగలేదని కంపెనీ హాయిగా ప్రకటన ఇచ్చింది. మా అధ్యక్షుడు ఫోన్ చేసినాడు.

"ఆ ముసలాయన నిజంగా మీ బ్రదరా?"

"నిజంగానే."

"ఎవరికీ చెప్పకండి" అన్నాడు. దేశమంతా తెలిసినాక ఎవరికి చెప్పొద్దో నాకు అర్థం కాలేదు.

ఆ తర్వాత సంఘం గ్రూపులో నేను ఏదన్నా పెడితే జవాబు వచ్చేది కాదు. కంపెనీ ఆ రోజు నుంచే నన్ను డ్యూటీలో నుంచి తప్పించి, నా మీద విచారణ వేసింది. పొడిగింపు ఇవ్వనందుకు కాదు, దానికి వాళ్లకు హక్కు లేదు. ప్రయాణికులతో సరిగా మాట్లాడనందుకు. విచారణ తెమిలేలోపలే నా రిటైర్మెంటు తేదీ వచ్చి పోయింది. అంటే కడపలో అన్న అద్దంలో నుంచి చూసిన ఆ ల్యాండింగే నా ఆఖరిది. ఆ సంగతి అప్పుడు తెలిసుంటే రొంత మెత్తగా దించేవాణ్ని.

నా భార్య పోయి అప్పటికే కొన్నేండ్లు. హైదరాబాదు ఫ్లాట్‌లో ఒక్కణ్నే. లిఫ్టులో ఎదురైనవాళ్లు ఆ పైలట్ మీరే కదా అనేవాళ్లు, అవునంటే తల తిప్పుకునేవాళ్లు. పొద్దున లేస్తే యాడికీ పోయేది లేదు. తెల్లారకముందే మెలకువ వచ్చేది మాత్రం మానలేదు. లేచి, గడ్డం గీసుకుని, కూర్చునేవాణ్ని. ఒంటరితనం అంటే ఏందో నాకు అప్పుడు తెలిసింది, దాన్ని గొప్పగా చెప్పేదానికేమీ లేదు, అది బాగుండదు. అన్నకు రోజూ ఫోన్ చేసేవాణ్ని. మోగేది, ఎత్తేవాడు కాదు. వదిన ఎత్తితే, ఆయన బయటికి పోయినాడు అనేది. బస్సు డ్రైవర్లందరి ముందరా ఆయన పరువు తీసినానని, ఆ కోపం పోలేదని అనుకున్నా.

చివరికి నేనే కర్నూలు పోయినా. మిట్ట మధ్యాహ్నం, గొంతు ఎండిపోయి ఉంది. అన్న వరండాలో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచినాడు కానీ రా అనలేదు. నేనే పోయి కూర్చున్నా. వదిన చెంబుతో నీళ్లు తెచ్చింది.

"వానికి ఇయ్యొద్దు" అన్నాడు అన్న.

వదిన ఆడనే నిలబడిపోయింది. నాకు కండ్లల్లో నీళ్లు తిరిగినాయి, ఈ వయసులో. లేచినా. "అంత కోపమా అన్నా? పోతాలే" అన్నా.

"కోపం నీ మీద యాడిదిరా, కూసో" అన్నాడు. జరిగింది మాత్రం వదినే చెప్పింది.

వీడియో వచ్చిన నాల్గు రోజులకు మా కంపెనీ నుంచి ఒకాయన శాలువా, పూలదండ, ఫ్రీ టికెట్టు పట్టుకుని ఇంటికొచ్చినాడంట. ఫోటో తీసుకుంటామన్నాడంట. మెచ్చుకుంటా మెచ్చుకుంటా, "మీ పుణ్యమా అని ఆ రోజు పైలట్ల సమ్మె నీరుగారిపోయింది పెద్దాయనా" అన్నాడంట. సమ్మె ఏందని అడిగినాడంట అన్న. ఆయన మొత్తం చెప్పినాడు. అన్న ఆయన్ను గేటు బయటికి పంపించి, గేటుకు గడియ పెట్టి, ఆ పూట అన్నం తినలేదంట.

"నాకు చెప్పకూడదేమిరా" అన్నాడు అన్న అప్పుడు. "ఒక్క మాట అనింటే నేనే ఆ హాల్లో నీ పక్కన కింద పడుకునింటా."

"అనకూడదన్నారన్నా."

"ఎవురు?"

"సంఘం."

ఆయన తలూపినాడు. సంఘం మాట అంటే ఆయనకు ఇంక వాదన లేదు. "సరే, నువ్వు నిలబడినావు. నేను బండి తీసినా" అన్నాడు.

అన్న వీధి చివర ఒకాయన ఉన్నాడు. అన్నతో కలిసి చదువుకుని, కలిసి డిపోలో చేరినవాడు. పాత సమ్మెలో ఒకే ఒక్క రోజు బస్సు తీసినాడు. అప్పుడు డిపోలో అందరూ ఒక కట్టు పెట్టుకున్నారు. సమ్మెలో బండి తీసినోని ఇంట్లో మనోళ్లు ఎవ్వరూ నీళ్లు ముట్టకూడదు. ఆ కట్టు పెట్టించింది మా అన్నే. ఆయన బిడ్డ పెండ్లి పందిరి మా అన్న ఇంటి దాకా వచ్చింటే, అన్న తలుపేసుకుని లోపల కూర్చున్నాడు. మిగతావాళ్లు ఎప్పుడో మరిచిపోయి పోతా వస్తా ఉన్నారు. మా అన్న ఒక్కడే మరవలేదు.

"నువ్వు తెలియక చేసినావన్నా. నన్ను తిడతాండారని చేసినావు" అన్నా.

"బస్సులో పేషెంటు ఉండాడు, అందుకే తీసినా అని వాడు కూడా అన్నాడు. నేను వినింటినా? వానికొక కట్టు, నాకొక కట్టు అంటే యట్లరా? ఈడ నువ్వు నీళ్లు తాగితే, ఇన్నేండ్లు నేను వానికి చేసింది ఏమైతాది?"

వదిన చేతిలో చెంబు అట్లే ఉంది. చెయ్యి చాపి తీసుకుని గటగటా తాగేయాలని ఎంత అనిపించిందో చెప్పలేను. తాగితే ఆయన అడ్డపడడు, కానీ ఇంక తల కూడా ఎత్తడు. "వద్దులే వదినా" అన్నా. ఆమె లోపలికి పోయి శానాసేపు బయటికి రాలేదు.

అన్న తువ్వాలు భుజాన వేసుకున్నాడు. "రా, అంగట్లో టీ తాగుదాం. కట్టు ఇంటికే. అంగడికి లేదు. దుడ్లు మాత్రం నువ్వియ్యి, నేను ఇచ్చింది నువ్వు తాగకూడదు" అన్నాడు. ఇంత కచ్చితమైన మనిషి మా సంఘంలో ఒక్కడుంటే చాలు అనిపించింది, నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

అప్పటినుంచి మేం కలిసేది అంగట్లోనే. అన్న ఇంట్లో నేను కూర్చుంటా, మాట్లాడతా, దాహమైతే బయటికొస్తా.

ఇక తీర్మానం సంగతి. కర్నూలు నుంచి హైదరాబాదు తిరిగొచ్చినాక, ఒకరోజు ఆ కోపైలట్ అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, నిన్న మా కెప్టెన్ ఇచ్చేసినారు. అందరూ ఇస్తున్నారంట సార్. మొదట పెద్ద జెట్ల వాళ్లే ఇచ్చినారంట" అని చెప్పింది. ఎవరూ తీర్మానం రద్దు చేయలేదు, ఎవరూ ఏమీ ప్రకటించలేదు. ఒకరి తర్వాత ఒకరు ఇష్టపడినారు, అంతే. నేను ఎవర్నీ తప్పు పట్టను. పిల్లల ఫీజులు, ఇంటి లోన్లు అందరికీ ఉంటాయి. పైగా సాయంత్రం పూట ఆ ఫోన్లో గొంతు ఎంత మెత్తగా ఉంటుందో నాకు తెలుసు.

ఆ తర్వాత కర్నూలు పోయినప్పుడు, అంగట్లో టీ వచ్చేదాకా ఆగి అన్న అడిగినాడు.

"మీవాళ్లు నిలబడినారా?"

నిజం చెప్పేదానికే పోయినా ఆ రోజు. దోవ పొడుగునా మాటలు కూడబెట్టుకున్నా. ఆయన మొగం చూసినాక, "నిలబడినారన్నా" అన్నా.

"అందరూ?"

"అందరూ."

"ఎవురన్నా వంగినారా?"

"ఎవురూ లేదన్నా."

సంతోషపడతాడనుకున్నా. పడినాడు కూడా. గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని, "బాగుంది. టై కట్టుకున్నా గట్టోళ్లే" అన్నాడు. మళ్ల గ్లాసు ఎత్తుతా అన్నాడు. "అంటే చెడగొట్టింది నేనొక్కన్నే."

అప్పుడన్నా చెప్పాల్సింది, చెప్పలేదు. చెబితే, ఎవరూ నిలబెట్టుకోని తీర్మానానికి తాను ఇంట్లో తమ్ముడికి నీళ్లు లేకుండా చేసుకున్నానని తెలుస్తుంది. చెప్పకపోతే అంతమందిలో తప్పు చేసినవాడు తానొక్కడే అనుకుంటాడు. పోయిన ప్రతిసారీ ఇదే అడుగుతాడు. ప్రతిసారీ ఈసారి చెబుదామనే పోతాను.

ఇదంతా మీకెందుకు రాస్తున్నానంటే, ఓర్వకల్లు పోయే మీ క్యాబులు నంద్యాల రోడ్డులో టీకి ఆగుతాయని విన్నా. ఆ అంగడి ముందర బెంచీ మీద పొద్దున పూట తువ్వాలు వేసుకుని కూర్చునే పెద్దాయన మా అన్న. ఈ మధ్య ఆయన ఆ అంగడికే మారినాడు. తెల్లచొక్కాలు, పట్టీలు కనపడతాయని. వదిన చెప్పింది, మీతో మాట కలిపేదానికి ఇంకా మొహమాట పడుతున్నాడంట. ఏదో ఒక రోజు లేచి వస్తాడు. మీరందరూ ఇంకా నిలబడే ఉండారా అప్పా అని అడుగుతాడు. ఏం చెప్పాలో ముందే అనుకుని దిగండి.